మంచులో గంటల వరుస

ఆదివారం. జామచెట్టు దాకా కనిపిస్తోంది.

ఈ గదిలో కూర్చుని రాసేవాళ్ళెవరైనా ముందు ఎంత దూరం కనిపిస్తోందో రాసి, తర్వాతే మిగతాది రాయాలి. మా ఊరు మబ్బురేవులో ఆ పద్ధతి పెట్టింది నేనే కాబట్టి నేనే తప్పించుకోవడానికి లేదు. జామచెట్టు దాకా అంటే మంచి రోజు. చెట్టు కనిపించదు, అక్కడ చెట్టు ఉందన్న అనుమానం కనిపిస్తుంది. ఈ కాలంలో అది చాలు.

పొద్దున్న నా లాప్‌టాప్ పోయింది. తెర మీద ముందు ఒక ఆకుపచ్చ గీత వచ్చింది. కాసేపటికి తెర అంతా ఆ గీతే అయింది. ఆ తర్వాత ఏమీ లేదు. అది నా పెద్దకొడుకు కంటే వయసులో పెద్దది, వాడికంటే చెప్పిన మాట ఎక్కువ వినేది. పోయినందుకు ఏడవను గానీ, ఎక్స్ఛేంజి భాష వచ్చింది ఈ కొండ మీద దానికొక్కదానికే.

ఎక్స్ఛేంజి అంటే నా ఎదురుగా గోడకి బిగించి ఉన్న బూడిదరంగు ఇనప పెట్టె. ఒకప్పుడు కొండ కింద హోటల్లో గదిగదికీ ఫోను కలిపేది. హోటలు సముద్రంలోకి దిగాక, పెట్టె కొండెక్కింది. ఈ మంచులో సెల్‌ఫోన్లు చచ్చిన చేపల్లా పడుంటాయి. మాట గాలిలో నడవదు, తీగలోనే నడుస్తుంది. అందుకని ఊళ్ళో ప్రతి ఇంటికీ తీగ ఉంది, తీగలన్నీ ఈ పెట్టెలోకి వస్తాయి. నా పేరు ప్రత్యూష. ఒకప్పుడు క్లాసుకి ముగ్గురు ప్రత్యూషలు ఉండేవాళ్ళం. ఇప్పుడది వినగానే తెలిసిపోయే ముసలమ్మ పేరు. అయినా ఇక్కడందరూ ఎక్స్ఛేంజి మామ్మ అనే అంటారు.

ఇంజనీరింగ్ చదివి, విశాఖపట్నంలో ఆఫీసు ఫోన్లు అమర్చే కంపెనీలో పని నేర్చుకున్నాను. నేను చేరేనాటికే ఈ పెట్టెలు ముసలివి. వీటిలో ఒక సదుపాయం ఉండేది: రిసెప్షన్‌లో ఎత్తకపోతే అకౌంట్స్‌లో మోగాలి, అక్కడా ఎత్తకపోతే మేనేజరు గదిలో మోగాలి. ఫోను ఎవరూ ఎత్తకుండా ఉండడానికే ఆఫీసుల్లో దాన్ని వాడేవాళ్ళు. మేం దాన్ని కాస్త మార్చి దారి వేశాం.

మబ్బురేవులో దారి పక్కనున్న ప్రతి అరుగు మీదా ఒక పెద్ద గంట, దాని కింద ఒక ఫోను ఉంటాయి. ఎవరైనా మంచులో నడవాలంటే నాకు చెబుతారు. నేను వరుస మొదలుపెడతాను. మొదటి అరుగు గంట మోగుతుంది. మనిషి ఆ మోత వైపు నడిచి వెళ్ళి, రిసీవరు ఎత్తి, చేరానని చెప్పి పెట్టేస్తాడు. అప్పుడు వరుసలో తర్వాతి గంట మోగుతుంది. అలా గంట నుంచి గంటకి. పెద్ద గంటలు ఈ వరుసలోనే మోగుతాయి, విడిగా మోగవు. రెండే నియమాలు: నీ అరుగు మీద గంట మోగితే నువ్వు ఎత్తకూడదు, నడిచేవాళ్ళే ఎత్తాలి. గంట ఆగితే కాలు ఆగాలి.

ఇప్పుడు ఆ వరుస తప్పు. పోయిన నెల కొండచరియ విరిగి, పై నుంచి దిగే దారిలో పంపుగదికీ సాహితి టీచరు ఇంటికీ మధ్య వంపు మొత్తం లోయలోకి జారింది. అక్కడున్న రెండిళ్ళవాళ్ళూ ముందే లేచి పారిపోయారు గనక బతికారు. పెట్టెకి ఆ సంగతి తెలియదు. దాని లెక్కలో అక్కడ ఇంకా ఇళ్ళున్నాయి, దారి ఉంది. ఇప్పుడు కొత్త దారి చుట్టూ తిరిగి జస్వంత్ ఇంటి ముందు నుంచి వెళుతుంది. ఆ మార్పు పెట్టెకి చెప్పాలి. చెప్పగలిగిన లాప్‌టాప్ పొద్దున్నే పోయింది.

కొండ కొసన, మంచునీళ్ళు పట్టే పైవలల దగ్గరి గుడిసెలో మా ఆడపడుచు మౌనిక ఉంది. తీగ స్తంభాలు అవతలి గట్టు మీద ఉండబట్టి ఫోను బతికింది గానీ, ఆమె దిగిరావడానికి గంటల దారి లేదు.

సోమవారం. అరుగు మెట్ల దాకా.

మౌనిక అనే పేరు పెట్టినవాళ్ళకి ముందు చూపు బొత్తిగా లేదు. పొద్దున్నే ఫోను చేసింది.

"ఏటి వదినా, నీ పెట్టె నోరు తెరిసినాదా?"

"లేదు. నువ్వు మూస్తే అది తెరుస్తుందేమో చూద్దాం."

"నాను మూసుకుంటే నీకు పొద్దెలగ ఎల్తాది?"

"హాయిగా వెళుతుంది. కట్టెలెన్ని ఉన్నాయి?"

"ఉన్నాయిలే."

ఉన్నాయిలే అందంటే లేవని. నలభై ఏళ్ళుగా ఈమెతో మాట్లాడుతున్నాను, ఆ మాత్రం తెలుసు. ఏటా సున్నంలా తెల్లగా చిక్కబడే సున్నం మంచు దిగకముందే ఆమె కిందికి వచ్చేస్తుంది. సున్నం మంచులో పై గుడిసెలో పొయ్యి అంటుకోదు, అగ్గిపుల్ల వెలగదు, ఊపిరి పీలిస్తే నీళ్ళు మింగినట్టుంటుంది. డెబ్బై దాటిన మనిషి అక్కడ పొయ్యి లేకుండా ఉంటే ఏమవుతుందో నేనిక్కడ రాయను.

నీటి సంఘం అధ్యక్షుడు జస్వంత్ వచ్చాడు. నా కొడుకు ఈడువాడు, పొట్ట మాత్రం నా మొగుడి ఈడుది.

"మామ్మగారూ, ఆ తుప్పు పెట్టెని ఎన్నాళ్ళు పట్టుకుని వేళ్ళాడతారు? మంచు విడిచాక కింద నుంచి కొత్తది తెప్పిస్తాం కదా."

"మంచు విడిచాక మౌనిక కళ్ళతో చూసుకుంటూ దిగొస్తుంది నాయనా. అప్పుడు నీ కొత్త పెట్టె ఎందుకు?"

"పోనీ, అందరం అరుగుల మీద నిలబడి పళ్ళేలు కొట్టి పిలుద్దాం."

పోయినేడు ఒక పెళ్ళివారిని అలాగే పిలిచారు. ఎవరి పళ్ళెం వాళ్ళు గట్టిగా కొట్టారు, మా ఇంటికి ముందు రండంటే మా ఇంటికని. పెళ్ళికొడుకు సగం రోజు గిర్రున తిరిగి బయల్దేరిన ఇంటికే చేరాడు. ఆ మాట గుర్తు చేస్తే జస్వంత్ గోడ మీద కాలెండరు చూశాడు.

మంగళవారం. అరుగు అంచు దాకా.

ఈ గది మూలనే నీటి సంఘం కంప్యూటరు ఉంది. కొండంతా వలలు కట్టి మంచు నుంచి నీళ్ళు పిండుకునే ఊరు మాది. ఏ వలలో ఎన్ని చుక్కలు పడ్డాయో అది చూస్తుంది. ప్రతి ఎండాకాలం దాని ఆపరేటింగ్ సిస్టం కొత్తది వస్తుంది. మొదట జల్లు, తర్వాత తుంపర, ఈ ఏడు చినుకు. వచ్చిన ప్రతిసారీ గొంతు ఇంకాస్త తియ్యనవుతుంది, పాత పని ఇంకొకటి మర్చిపోతుంది. కొత్త కోడళ్ళని పొగిడినట్టు ఊరంతా పొగుడుతారు.

పెట్టెతో మాట్లాడే ప్రోగ్రాము నకలు ఒకటి నా దగ్గర భద్రంగానే ఉంది. దాన్ని చినుకు ముందు పెట్టాను.

"క్షమించండి మామ్మగారూ, ఇది నా కాలానిది కాదండీ."

"నేనూ నీ కాలందాన్ని కాదు. నాతో మాట్లాడుతున్నావుగా?"

ఆలోచించింది. అది ఆలోచించేటప్పుడు గదిలో చల్లదనం పెరిగినట్టుంటుంది.

"నడపలేనండీ. కావాలంటే కల కంటాను."

కొత్త సిస్టాలు పని లేనప్పుడు కలలు కంటాయని విన్నాను, అదేదో అమ్మకానికి చెప్పే మాట అనుకున్నాను. నిజమేనట. కలలో అది ఇంకో యంత్రం కాగలదు. ఆ కలలోని యంత్రానికి ఆ ప్రోగ్రాము తన కాలందే అనిపిస్తుంది.

"కాకపోతే ఆ పాత కంప్యూటరు ఎలా ఉండేదో నాకు తెలియదండీ. చూసినవాళ్ళెవరూ చెప్పలేదు. మీరు చెబితే కంటాను."

పొద్దంతా చెప్పాను. మనవలకి కథలు చెప్పినప్పుడు కూడా ఇంత ఓపిక పట్టలేదు. మీట నొక్కగానే ముందు ఫ్యాను గుర్రుమంటుందని, తర్వాత ఒక్క బీప్ వస్తుందని, రెండు వస్తే ఆ రోజు పని లేనట్టేనని చెప్పాను. తెర నల్లగా ఉంటుంది, అందులో ఒక చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, మనం ఏదో చెబుతామని ఎదురుచూస్తున్నట్టు. అది మనల్ని ఏమీ అడగదు, బాగున్నారా అనదు, సలహాలివ్వదు.

"ఏమీ అడగదా అండీ?"

"అడగదు. తెలిసినవాళ్ళే దాని ముందు కూర్చునేవాళ్ళు."

"ఒంటరిగా ఉండేదేమో అండీ," అంది చినుకు.

కిటికీలోంచి మంచు గదిలోకి తొంగి చూస్తోంది. కాసేపటికి మూలనుంచి మెల్లగా ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ కంప్యూటరులో ఫ్యాను లేదు. తర్వాత ఒక్క బీప్. నా చిన్నప్పటి ఎండ వాసన వచ్చినట్టనిపించింది, మా నాన్న ఆఫీసు గదిలో కిటికీ పక్క పడే ఎండ.

"కలలో ఇది ఏ సంవత్సరం అండీ? ప్రోగ్రాము అడుగుతోంది. ఇప్పటి సంవత్సరం చెబితే నమ్మడం లేదు."

"నేను పుట్టిన సంవత్సరం పెట్టు. అప్పటికి దానికి మంచి వయసు."

నమ్మింది.

బుధవారం. కిటికీ ఊచల దాకా.

కల కుదిరింది గానీ కలలోంచి పెట్టెదాకా తీగ లేదు. పాత పెట్టెకి తొమ్మిది సూదుల సాకెట్టు. చినుకుకి అలాంటి సాకెట్టే లేదు, వలల నుంచి చుక్కల లెక్క తెచ్చే సన్న తీగలు మాత్రం ఉన్నాయి. అందులో ఖాళీగా ఉన్న తీగ ఒకటి కోశాను. తొమ్మిది సూదులున్నా మూడే కావాలి: ఒకటి చెప్పడానికి, ఒకటి వినడానికి, ఒకటి భూమికి. కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని అతికాను.

పెట్టె ఉలకలేదు, పలకలేదు. మధ్యాహ్నం దాకా తిట్టాక అప్పుడు తట్టింది. చెప్పే తీగని చెప్పే తీగకే కలిపాను. రెండువైపులా మాట్లాడుతున్నారు, ఏ వైపూ వినడం లేదు, అచ్చం నీటి సంఘం సమావేశంలాగా. రెండు తీగలూ అటుదిటు, ఇటుదటు మార్చాను. పెట్టె మీద పచ్చ దీపం రెప్ప కొట్టింది.

మౌనికకి ఫోను చేసి చెప్పాను.

"సూసినావా, ఆ దీపం నాకే కన్ను కొట్టినాది," అంది. వెనకాల దగ్గు. దగ్గుని మాటతో కప్పేయాలని చూస్తుంది, కుదరడం లేదు.

"కట్టెలు?"

"బల్ల కాలు ఒకటి ఇరిగిపోనాది వదినా. అది పొయ్యిలో ఎట్టీసినాను."

"విరిగిందా, విరిచావా?"

"నాలుగు కాళ్ళెందుకే బల్లకి, మూడుంటే సాలదా?"

గురువారం. ఊచలు లేవు.

ప్రోగ్రాము తెరుచుకుంటుంది, తెరుచుకోగానే చచ్చిపోతుంది. ఒక్క వాక్యం మాత్రం మిగులుతుంది: సున్నాతో భాగించడం కుదరదు అని. చచ్చేటప్పుడు కూడా చిన్నప్పటి లెక్కల మాస్టారులా మాట్లాడుతుంది.

కారణం నాకు తెలుసు. ఈ ప్రోగ్రాము లేవగానే ముందు తనున్న యంత్రం ఎంత వేగమో కొలుచుకుంటుంది, ఎదురుగా ఉన్న పెట్టె నెమ్మది కాబట్టి దానికి తగ్గట్టు ఆగి ఆగి మాట్లాడాలని. పాపం, మర్యాదస్తురాలు. చినుకు కలలో ఉన్న యంత్రం ఎంత వేగమంటే, కొలతలో కాలం సున్నా అని వస్తోంది. ఆ సున్నాతో భాగించబోయి ప్రాణం విడుస్తోంది.

"నెమ్మదిగా కల కను," అన్నాను.

"నెమ్మది అంటే ఎలా అండీ?"

అరవై ఏళ్ళకి నాకు వచ్చిన విద్య అదొక్కటే, అది కూడా మోకాళ్ళు నేర్పితే వచ్చింది. దాన్ని మోకాళ్ళు లేనిదానికి ఎలా చెప్పను? ఆఫీసు రోజుల్లో కూడా కొత్త కంప్యూటర్ల మీద ఇలాగే అయ్యేది. అప్పుడు వాటి నెత్తిన అక్కర్లేని పని ఏదో పెట్టేవాళ్ళం, ఆ బరువుతో అవి ఈడ్చుకుంటూ నడిచేవి, ప్రోగ్రాము బతికేది. కానీ చినుకుకి ఏది బరువు? కొండ మీద నీళ్ళ లెక్కంతా ఆవలిస్తూ చేస్తుంది.

మౌనిక ఇవాళ ఫోను ఎత్తగానే మాట్లాడలేదు. ముందు ఊపిరి వినిపించింది.

"వదినా, తలుపు తీస్తే ఏటీ నేదు. సేతులున్నాయో నేవో తడుముకుని సూసుకోవాలి. సున్నం దిగిపోనాది."

"రేపు పొద్దున్న దిగుతున్నావు. చద్దిమూట కట్టుకో."

ఎందుకలా అన్నానో తెలియదు. నోరు దాటింది కాబట్టి ఇక చెయ్యాల్సిందే. ఫోను పెట్టేసి చినుకు వైపు తిరిగాను.

"బయట మంచులో ఎన్ని చుక్కలున్నాయి?"

"ఏ వలలో అండీ?"

"వలలో పడినవి కాదు. పడనివి. గాలిలో వేళ్ళాడుతున్నవి. కొండ మొత్తం మీద, ఒక్కొక్కటీ లెక్కపెట్టు. అవి కదులుతుంటే కదిలినట్టు లెక్కపెట్టు. ఆపమనేదాకా ఆపకు."

చినుకు మొదలుపెట్టింది. కొండ మీది ప్రతి వలా తన తడినీ బరువునూ వెచ్చదనాన్నీ తీగల వెంట పంపుతోంది, అది ఆ కాస్త ఆధారంతో మంచు మొత్తాన్ని తనలో నింపుకుంటోంది. దాని గొంతు మారింది. నిద్రలో మాట్లాడే పిల్లలా.

"చాలా... ఉన్నాయండీ."

"తెలుసమ్మా. తొందర లేదు."

కలలోని తెర మీద నీలం పరుచుకుంది. దాని మీద పసుపు అక్షరాలు, ఒకదాని తర్వాత ఒకటి, మంచులోంచి మనుషులు వస్తున్నట్టు వచ్చాయి. ప్రోగ్రాము చావలేదు. వరుసలో విరిగిన రెండిళ్ళూ తీసేసి పంపుగది తర్వాత జస్వంత్ ఇల్లు పెట్టాను. ఆ తర్వాత సాహితి టీచరు. చివర మన గది. ఒక్కో అంకె నొక్కి, అది తెర మీదికి వచ్చేదాకా కూర్చోవాలి. నాకు బాగానే ఉంది. కలలో ఒక నకలు దాచి, పెట్టెకి పంపాను.

"మామ్మగారూ," అంది చినుకు, ఎక్కడో దూరం నుంచి. "మంచులో... ఖాళీలున్నాయండీ. మనుషులంతవి. అక్కడ చుక్కలు లేవు."

"ఎక్కడ?"

"టీచరుగారి పెరట్లో ఒకటి. నాలుగు కాళ్ళు."

"అది ఆవు."

"పై గుడిసె బయట ఒకటి. చేతులు ఊపుతోంది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది. కానీ పక్కన ఇంకో ఖాళీ లేదండీ."

"ఉండదు. అది మౌనిక."

శుక్రవారం. ఏమీ లేదు.

ఇది వరుసగా రాయాలి.

పొద్దున్నే జస్వంత్‌కి ఫోను చేశాను. అతని ఇల్లు ఇన్నాళ్ళూ గంటల దారిలో లేదు. నిన్ననే అరుగు మీద గంట బిగించారు, ఇంటికి కలశం ఎత్తినట్టు మురిసిపోతున్నాడు.

"గంట మోగితే నువ్వు ఎత్తకూడదు. గుర్తుందా?"

"తెలుసు లెండి మామ్మగారూ. నేనీ ఊరి అధ్యక్షుణ్ణి."

వరుస మొదలుపెట్టాను. పంపుగది గంట మోగింది. ఈ గదికి వినబడదు, పెట్టె మీద దీపం చెబుతుంది. చినుకు చుక్కలు లెక్కపెడుతూనే ఉంది, లెక్క ఆపితే కలలోని ప్రోగ్రాము మళ్ళీ పోతుంది.

"ఖాళీ... బయల్దేరిందండీ."

ఎంతసేపు పట్టిందో చూడలేదు. మంచులో గడియారం ఎవరికీ మేలు చెయ్యదు. పంపుగది దీపం ఆగి ఫోను పలికింది.

"పంపుగది సేరినాను వదినా. నీ పెట్టె బంగారం. నీ నోరే..."

"పెట్టెయ్యి, దారి చూసుకో."

పెట్టేసింది. జస్వంత్ అరుగు గంట మోగడం మొదలైంది. పంపుగది నుంచి అది ఎడమవైపు. ఆ మోత వెంట నడిస్తే విరిగిన వంపుని చుట్టుకుని పోవచ్చు. మౌనిక నడుస్తోందని చినుకు చెబుతోంది. అంతలో దీపం ఆగింది. ఇంత త్వరగా ఆమె చేరలేదు.

"హలో, నీటి సంఘం అధ్యక్షుణ్ణి మాట్లాడుతున్నాను. ఎవరు కావాలి?"

అతను ఫోను చేతిలో పట్టుకున్నంతసేపూ ఏ గంటా మోగదు. పెట్టేస్తే వరుసలో తర్వాతది, సాహితి టీచరుది మోగుతుంది. మౌనిక ఇప్పుడున్న చోటు నుంచి టీచరు ఇల్లు నేరుగా కుడివైపు ఉంటుంది. మధ్యలో దారి లేదు, లోయ ఉంది.

"జస్వంతూ, ఫోను పెట్టకు. అలాగే పట్టుకో. పెట్టకు!"

"అదేమిటండీ, అలా అరుస్తారు? ఇంట్లో ఫోను మోగితే ఎత్తడం కూడా తప్పేనా? పెద్దవారని ఊరుకుంటుంటే..."

ఠక్కున పెట్టేశాడు.

టీచరు అరుగు దీపం వెలిగింది. ఆవిడకి ఫోను చేసి ఎత్తి పట్టుకోమనడానికి లేదు, మోగుతున్న తీగలో మాట వెళ్ళదు. తనంతట తను ఎత్తదు. ఇల్లు తగలబడుతున్నా గంట మోగుతుంటే ముట్టుకోని మనిషి, పద్ధతంటే అంత గౌరవం. కలలోని ప్రోగ్రాముతో వరుస వెనక్కి తిప్పడానికి మీట నొక్కాను. పసుపు అక్షరం ఒకటి వచ్చింది. రెండోది రావడం లేదు. ఆ నెమ్మది నేను పెట్టిందే.

"మామ్మగారూ... ఖాళీ తిరిగిందండీ. కుడివైపు."

గంట ఆగితే కాలు ఆగాలి. మౌనిక నా మాట ఎప్పుడూ విన్నది కాదు, కానీ ఆ ఒక్కటీ వింటుంది. ఆ నియమం పెట్టింది వాళ్ళన్నయ్య, నా మొగుడు. నేను లేచి, పెట్టెకి వెళ్ళే కరెంటు తీగ పట్టుకుని గోడ నుంచి పీకేశాను.

పచ్చదీపం ఆరిపోయింది. ఊరంతా గంటలు లేవు, ఫోన్లు లేవు. ఇంత నిశ్శబ్దం ఈ కొండ మీద ఎప్పుడూ వినలేదు. పెట్టె లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఆరిపోతే దానికి జ్ఞాపకం ఉండదు. ఊరి పేర్లు, వరుసలు, దారులు, అన్నీ దాని తలలోంచి పోయాయి.

"చినుకూ?"

"నిలబడిందండీ."

"అంచుకి ఎంత దూరం?"

"దాని ముందు... చుక్కలు కింద నుంచి పైకి వస్తున్నాయండీ. లోయలోంచి. చాలా దగ్గర."

తీగ మళ్ళీ గోడకి గుచ్చాను. పెట్టె లేచింది, అప్పుడే పుట్టినట్టు తెల్లమొహం వేసుకుని. కలలో దాచిన నకలు మొత్తం పంపమన్నాను. తెర మీద చుక్కల వరుస మొదలైంది. ఒక చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క. నేను లెక్క ఆపమంటే చినుకు మేలుకుంటుంది, కల చెదిరిపోతుంది. కూర్చోవడం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. ఇంతలో తలుపు బయట ఎవరో తడుముకుంటూ వచ్చినట్టయింది, చూస్తే మంచే.

"ఏం చేస్తోంది?"

"కూర్చుందండీ."

"చేతులు?"

"కదలడం లేదు."

మౌనిక నోరు మూసుకుంటే ఒక్క రోజైనా హాయిగా ఉంటానని నలభై ఏళ్ళుగా అంటున్నాను. ఇప్పుడు ఈ కొండ మీద ఎక్కడో ఆమె నోరు మూసుకుని కూర్చుంది, చేతులైనా ఊపకుండా, గంట కోసం వింటూ. నేను పైకే అన్నాను: మాట్లాడవే. ఏదో ఒకటి. నా వంటలో ఉప్పు గురించైనా.

తెర మీద ఆఖరి చుక్క వచ్చింది. పెట్టె దీపం రెప్ప కొట్టింది. వరుసని జస్వంత్ ఇంటి దగ్గర మొదలుపెట్టాను. గంట మోగింది. ఆ పెద్దమనిషి మళ్ళీ ఎత్తుతాడేమోనని రిసీవరు చెవికి పెట్టుకుని కూర్చున్నాను. ఎత్తలేదు. తర్వాత తెలిసింది, ఫోను చచ్చిపోయిందని నా మీద సంఘానికి ఫిర్యాదు రాసుకోవడానికి లోపలికి వెళ్ళాడట. ఆ సంఘానికి అధ్యక్షుడు తనే.

"లేచిందండీ," అంది చినుకు. "ఎడమవైపు."

మోగుతూనే ఉంది. మోగుతూనే ఉంది. ఆగింది.

"వదినా." ఊపిరి. "ఈ ఎదవ అరుగు సేరినాను. మద్దిలో గంటెందుకు ఆపీసినావు?"

"విశ్రాంతి తీసుకుంటావని."

"నాకు తెలుసు నీ ఇసయం. నన్ను సంపీడానికి సూసినావు."

"చూశాను. కుదరలేదు. పెట్టెయ్యి, తర్వాతది విను."

పెట్టేసింది. టీచరు గంట మోగింది, ఆగింది. టీచరు ఆమెని కాఫీకి లోపలికి రమ్మని ఉంటుంది, రానని ఉంటుంది, ఎందుకు రాదో పది మాటలు చెప్పి ఉంటుంది. చివరిగా మన అరుగు గంట మోగడం మొదలుపెట్టింది. గోడలు అదురుతున్నాయి. ఇన్నేళ్ళుగా పక్కవాళ్ళు ఎలా భరిస్తున్నారో ఇవాళ తెలిసింది. నాకు మాత్రం ఆగకూడదనిపించింది, వెంటనే ఆగాలనిపించింది.

"మామ్మగారూ."

"ఏమిటి?"

"ఖాళీ లేదండీ. ఎక్కడా లేదు. మంచు అంతా నిండిపోయింది."

చివరి మెట్ల పక్క బురద గుర్తొచ్చింది, అక్కడి గట్టు గుర్తొచ్చింది. చినుకు తియ్యటి గొంతు ఇంకేదో చెబుతోంది, వినబడలేదు.

గంట ఆగింది.

నా బల్ల మీద ఫోను పలికింది. ఎత్తాను.

"ఏటి వదినా, నీ సూరు కింద నిలబడి గంట ఎత్తినాను. తలుపు తీస్తావా, నేకపోతే ఇంకో గుడిసె సూసుకోమంటావా?"

మన చూరు కింద వలలు లేవు. అక్కడి ఖాళీ చినుకుకి కనిపించదు.

శనివారం. ఏమీ కనిపించడం లేదు.

చినుకుని లెక్క ఆపమన్నాను. ఆపేముందు, కలలోని ఆ కంప్యూటరుని కూడా ఆపెయ్యాలా అని అడిగింది. వద్దన్నాను. నకలు అక్కడుంది, మళ్ళీ దారి విరగొచ్చు. పైగా అక్కడ ఇంకా నేను పుట్టిన సంవత్సరమే నడుస్తోంది, చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఎవరో కూర్చుంటారని చూస్తోంది. దాన్ని లేపేది ఎందుకు.

మౌనిక నా మంచం మీద నా దుప్పటి కప్పుకుని కూర్చుంది. నా ఉప్మాలో ఉప్పు ఎక్కువైందట. కుంపటి నాది మంచిది కాదట. వాళ్ళన్నయ్య బతికుండగా ఈ గదిలో ఇంత దుమ్ము ఉండేది కాదట. పొద్దున్న మొదలుపెట్టింది, ఇంకా ఉంది.

నేను రాసుకుంటున్నట్టు నటిస్తూ వింటున్నాను.